తపాలచెక్కలో దాచిన ఖీమా

మా ఇంట్లో ఆదివారం అంటే మటన్. నేను కాపురానికి వచ్చి ఇరవై రెండేళ్లయింది, పండగో వ్రతమో అడ్డొస్తే తప్ప ఆ లెక్క తప్పలేదు. పొద్దున ఆరున్నరకల్లా మా ఆయన స్టీలు డబ్బా పట్టుకుని దుకాణానికి పోతారు. "కార్జం ఓ ముక్క వెయ్యి, నల్లి బొక్కలు రెండు పడాలె" అని ముందే చెప్పి పెడతారు. ఆ నల్లి బొక్కల కోసం మా పెద్దదీ చిన్నోడూ కొట్టుకునేవాళ్లు. చిన్నోడు బొక్కను కంచం అంచుకు టకటకా కొట్టి, లోపలి మూలుగ జుర్రుకుని, "అయిపోయింది" అని నాకు ఖాళీ బొక్క చూపించేవాడు. ఆ చప్పుడు వింటేనే మా అత్తమ్మకు కడుపు నిండేది.

పోయిన సంవత్సరం ఫిబ్రవరి నుంచి ఆ చప్పుడు ఆగిపోయింది.

ఫిబ్రవరిలో పెద్దగట్టు జాతరకు పోయాం. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల స్వామి జాతర మా ఉమ్మడి నల్లగొండ జిల్లా వాళ్లందరికీ తెలిసిందే. విజయవాడ రోడ్డు మీద పోతుంటే బస్సులోంచి కూడా ఆ గుట్ట కనబడుతుంది. మా ఆయన దోస్తు వాళ్లు యాదవులు, సూర్యాపేట పక్కన పల్లెటూరు. వాళ్లు చౌడమ్మకు పొట్టేలు మొక్కుకున్నారు. రెండ్రోజుల ముందే రమ్మంటే పిల్లలను తీసుకుని పోయాం.

ఆ రెండ్రోజులూ మా చిన్నోడు పొట్టేలు పక్కనే ఉన్నాడు. దానికి తుమ్మకాయలు తినిపించాడు. కొమ్ముల మధ్య పసుపు రాశాడు. "బుడ్డోడు" అని పేరు కూడా పెట్టాడు. ఆ ఇంటి పెద్దమనిషి నవ్వుతూ "బిడ్డా, దానికి పేరు పెట్టకు" అన్నాడు. మేమూ నవ్వాం. జాతర రోజు భేరీలు, గజ్జెల లాగులు, "ఓ లింగా" అనే కేకలు, కాలు పెట్ట సందు లేని జనం. వాడు మా ఆయన భుజాల మీద ఉన్నాడు. ఎత్తు మీద ఉన్నాడు కాబట్టి మా కంటే వాడికే అన్నీ బాగా కనిపించాయి. ఆ సంగతి మాకు తర్వాత తట్టింది.

వాడు ఏడవలేదు, భయపడలేదు. ఆ రాత్రి అందరూ తింటుంటే "కడుపు నొస్తుంది" అని పడుకున్నాడు. తర్వాతి ఆదివారం కంచం ముందుకు నెట్టి, "నాకొద్దు" అన్నాడు. ఆ పై ఆదివారం కూడా అంతే. అత్తమ్మ దిష్టి తీసింది. మా ఆయన "రెండు వారాలైతే వాడే తింటడు" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. చికెన్ చేశాను, ముట్టలేదు. గుడ్డు పెడితే "వాసన" అన్నాడు. పప్పన్నం, పెరుగన్నం, చిప్స్, బిస్కెట్లు. ఇంతే.

జూన్‌లో బడి తెరిచాక, సాయంత్రం ఇంటికి రాగానే బ్యాగు పక్కన పెట్టి సోఫాలో పడుకోవడం మొదలుపెట్టాడు. ఆడుకోవడానికి పోయేవాడు కాదు. ఒకసారి మెట్లెక్కుతూ ఆగి ఆయాసపడ్డాడు. రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.1 వచ్చింది. ఆ వయసు పిల్లలకు కనీసం 11.5 ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. ఐరన్ సిరప్ రాసింది, నులిపురుగుల మాత్ర వేయించింది. సిరప్ పాలతో, చాయ్‌తో ఇవ్వొద్దు, నిమ్మరసం తాగించి ఇవ్వండి అంది. ఆకుకూరల్లోని ఐరన్ కంటే మాంసంలోని ఐరన్ ఒంటికి తొందరగా పడుతుందట. మాంసంతో కలిపి తింటే ఆకుకూరల్లోది కూడా ఎక్కువ పడుతుందట. "వారానికి రెండుసార్లయినా మటనో కార్జమో పెట్టండి" అని ఆమె మామూలుగా చెప్పింది. నాకు అది శిక్ష చదివినట్టే వినిపించింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి డెబ్బై మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆ సంగతి ఎప్పుడో పేపర్లో చదివి, "పాపం, పేద పిల్లలు" అనుకుని పేజీ తిప్పేశాను. మావాడు ఆ వయసు దాటాడు, నిజమే. కానీ రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆటోలో వస్తుంటే, ప్రతి ఆదివారం మటన్ వండే నా ఇంటికి కూడా ఆ లెక్క వచ్చి కూర్చుందనిపించింది.

మాది పాలమూరు వైపు, దేవరకద్ర దగ్గర పల్లె. నా చిన్నప్పుడు మాంసం అంటే నెలకోసారి, అదీ అర్ధ కిలో. తినేవాళ్లం తొమ్మిది మందిమి. మా చిన్నాయిన బొంబాయిలో మట్టిపనికి పోయి ఏడాదికోసారి వచ్చేవాడు, ఆయన వచ్చిన రోజు మాత్రం కిలో తెచ్చేవాళ్లు. అర్ధ కిలోను తొమ్మిది కంచాలకు సరిపెట్టడం అమ్మకు తెలుసు. ఒకసారి దోసకాయ వేసేది, ఒకసారి సోరకాయ, పప్పు వేసి దాల్చా చేసేది. ఖీమా తెస్తే అందులో శనగపప్పు వేసి, మాంసం ఎక్కడో పప్పు ఎక్కడో తెలియకుండా చేసేది. జొన్నరొట్టెలో అంత పెట్టి ఇస్తే మేం పప్పునే ఖీమా అనుకుని తినేవాళ్లం. మాంసం తక్కువైందని పిల్లలకు తెలియకుండా దాచేది మా అమ్మ. మాంసం ఉందని తెలియకుండా దాచాలన్న ఆలోచన నాకు వచ్చింది. ఆ రెండూ ఒకటే అనుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

ఆ ఆలోచనను కదిలించింది మా ఆడబిడ్డ. వాళ్లు డాలస్ వైపు ఉంటారు. వారం వారం వీడియో కాల్ చేస్తుంది. చిన్నోడి సంగతి చెప్పి ఏడిస్తే, "వదినా, మావాళ్లు కూడా ముక్క కనిపిస్తే తినరు. నేను మీట్‌లోఫ్ చేస్తా" అంది. అదేమిటంటే ఖీమాలో బ్రెడ్డు పొడి, గుడ్డు, ఉల్లిగడ్డ, కొంచెం పాలు కలిపి, బ్రెడ్డు డబ్బాలో అదిమి, పైన టమాటా కెచప్ పూసి ఓవెన్‌లో గంటసేపు పెడతారట. అక్కడి వాళ్లు ఎక్కువగా బీఫ్‌తో చేస్తారు, ఈమె గొర్రె ఖీమాతో చేస్తుంది. లోపలి దాకా ఉడికిందో లేదో చూడటానికి సూది లాంటి థర్మామీటర్ గుచ్చుతారు. 160 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 71, చూపిస్తే తియ్యొచ్చు. బయటికి తీసి బ్రెడ్డు ముక్కల్లా కోస్తే పిల్లలు ఎగబడి తింటారట. 1930ల్లో అమెరికాలో పనుల్లేక జనం అల్లాడిన కాలంలో, కొంచెం మాంసాన్ని బ్రెడ్డుతో, ఓట్స్‌తో పెంచి ఇంటిల్లిపాదికీ పెట్టడానికి ఆడవాళ్లు దీన్ని తెగ చేసేవాళ్లని కూడా చెప్పింది. నవ్వొచ్చింది నాకు. వాళ్ల బ్రెడ్డు మా అమ్మకు శనగపప్పు. అంతే కదా తేడా.

నా దగ్గర ఓవెన్ లేదు. తపాలా ఉంది. మేం తపాలచెక్క అంటాం. వరంగల్, కరీంనగర్ వైపు సర్వపిండి అంటారు, గిన్నప్ప అంటారు. బియ్యప్పిండిలో పల్లీలు, శనగపప్పు, నువ్వులు, కారం కలిపి, నూనె పూసిన తపాలాలో చేత్తో అదిమి, వేలితో బొక్కలు పెట్టి, మూత పెట్టి సన్న సెగ మీద కాలుస్తామే, అదే. మా చిన్నోడికి ప్రాణం. అంచుల్లో ఎర్రగా మాడిన పెళుసు ముక్క కోసం అక్కతో పోట్లాడతాడు. మాంసం మానేశాక కూడా తపాలచెక్క మానలేదు.

మొదటిసారి పచ్చి ఖీమానే బియ్యప్పిండిలో కలిపి అదిమాను. సెగ తగలగానే ఖీమా నీళ్లు వదిలింది. చెక్క అంచుల నుంచి ముడుచుకుపోయి తన నీళ్లలో తనే ఉడికింది. నడుమ పొడిపొడి, కింద అంటుకుపోయింది, ఇల్లంతా వాసన. మా పెద్దది చూసి "అమ్మా, ఇది ఎవ్వరూ తినరు" అంది. అత్తమ్మ మాత్రం అన్నంలో కలుపుకుని తిని, "పప్పు వేసి ముందే ఉడకబెట్టాలె. హైదరాబాద్‌ల తురుకోళ్ల ఇండ్లల్ల షామీలు గట్లనే చేస్తరు" అని దారి చూపించింది.

రెండోసారి కుదిరింది. మీలో చేయాలనుకునేవాళ్ల కోసం చెప్తున్నాను, ఈ వంటలో తప్పేం లేదు, తప్పంతా నాది. అర్ధ కిలో మాంసాన్ని ముందే కడిగించి, నీళ్లు వడిచాక ఖీమా కొట్టించుకోండి. ఖీమా అయ్యాక కడిగితే నీళ్లు పట్టుకుంటుంది. ఓ కప్పు శనగపప్పు గంటసేపు నానబెట్టండి. రెండూ కుక్కర్‌లో వేసి అల్లంవెల్లుల్లి, పసుపు, ఉప్పు, కొంచెం కారం, గ్లాసు నీళ్లతో నాలుగైదు కూతలు రానివ్వండి. మూత తీసి, గరిటె తిప్పుతూ తడి మొత్తం ఇగిరిపోయేదాకా ఉంచండి. ఇక్కడ తొందరపడితే చెక్క విరిగిపోతుంది. చల్లారాక నీళ్లు పోయకుండా బరకగా రుబ్బండి. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, పుదీనా, ఒక గుడ్డు, రెండు చెంచాల పుట్నాల పొడి, చిటికెడు గరం మసాలా వేసి ముద్ద చేయండి. నూనె రాసిన మందపాటి తపాలాలో వేలు మందం అదిమి, బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో నూనె చుక్క వేసి, మూత పెట్టి సన్న సెగ మీద పావుగంట. దించాక ఐదు నిమిషాలు కదిలించకండి. కెచప్‌కు బదులు టమాటాలు మగ్గబెట్టి, బెల్లం, కారం వేసి దగ్గరకు చేస్తే పిల్లలు వేళ్లు నాకుతారు.

"ఇది ఏం తపాలచెక్క?" అని చిన్నోడు అడిగాడు.

"పప్పుది" అన్నాను. అబద్ధం కూడా కాదు, సగం నిజం. సగం నిజం చెప్పడం ఎంత తేలికో ఆరోజు తెలిసింది. మా పెద్దది నావైపు చూసి తలవంచుకుని తినేసింది.

వాడు మూడు ముక్కలు తిన్నాడు. అంచు ముక్క ఇంకోటి కావాలన్నాడు. నేను వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను. మా ఆయన బొటనవేలు పైకెత్తి చూపించారు. ఆడబిడ్డకు ఫొటో పంపాను. పాలకూర దోశలో కలపడం, సోరకాయ చపాతీలో తురమడం మనం చేయనిదా? ప్రతి తల్లీ చేసేదే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

వారానికి రెండుసార్ల చొప్పున నెల రోజులు నడిచింది. వాడే "పప్పు తపాలచెక్క బాక్స్‌లో పెట్టు" అని అడగడం మొదలుపెట్టాడు. పెట్టాను. అప్పుడైనా నాకు తట్టాల్సింది.

జూలైలో ఒక మంగళవారం బడి నుంచి వచ్చి, సంతోషంగా చెప్పాడు. "అమ్మా, నా దోస్తు కూడా రెండు ముక్కలు తిన్నడు. మస్తుగుంది అన్నడు. వాళ్ల మమ్మీ ఎట్ల చేస్తరో అడిగి ఫోన్ చేస్తదంట."

ఆ దోస్తు మా వెనక వీధిలో ఉంటాడు. వాళ్ల ఇంట్లో తరతరాలుగా మాంసం ముట్టరు. గుడ్డు కూడా ఇంట్లోకి రాదు. వరలక్ష్మీ వ్రతానికి ప్రతి ఏడూ నన్ను పిలిచి బొట్టు పెట్టి వాయనం ఇస్తుంది వాళ్లమ్మ. వాళ్ల అబ్బాయికి మా ఇంట్లో నీళ్లు, పండ్లు, బిస్కెట్లు తప్ప నేనేం పెట్టేదాన్ని కాదు, వాళ్ల పద్ధతి తెలుసు కాబట్టి. అలాంటిది, నా చేతులతో కలిపిన ఖీమా నా కొడుకు చేతులమీదుగా ఆ పిల్లాడి నోట్లోకి పోయింది. ఆ ఇద్దరికీ అందులో ఏముందో తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

రాత్రి మా ఆయనతో చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "పప్పుది అని చెప్పెయ్. పప్పుతో చేసే పద్ధతే చెప్పు. ఆమె చేసుకుంటది. ఎవరికీ నొప్పి ఉండదు" అన్నారు. తప్పు ఉద్దేశంతో అనలేదు. నాకూ అదే చేయాలనిపించింది. ఫోన్ వస్తే ఏం చెప్పాలో మనసులో రెండుసార్లు అనుకుని చూసుకున్నా. శనగపప్పు, పుదీనా, పుట్నాల పొడి... నోరు సులువుగా తిరుగుతోంది. నాకు భయమేసింది దానికే.

తెల్లారి ఫోన్ రాకముందే నేనే వాళ్లింటికి పోయాను. ఆమె నాకంటే చిన్నది. నన్ను చూసి "రండి అక్కా, మీకే ఫోన్ చేద్దామనుకుంటున్న" అని కుర్చీ వేసి, పొయ్యి మీద చాయ్ పెట్టింది.

"చాయ్ తర్వాత చెల్లె. ముందు ఒక మాట చెప్పాలె" అన్నాను. కూర్చోలేదు. "మీ బాబు నిన్న తిన్నదాంట్ల ఖీమా ఉండె."

ఆమె కొంచెంసేపు ఏమీ అనలేదు. చెయ్యి చాచి పొయ్యి ఆపేసింది.

"ఎన్ని తిన్నడు?"

"రెండు ముక్కలు."

"వాడికి తెలుసా?"

"తెల్వదు. మావాడికి కూడా తెల్వదు. వాడు మాంసం తింటలేడని నేనే చెప్పకుండా..."

ఆమె అప్పుడు తలెత్తి నన్ను చూసింది. కోపంగా చూస్తుందనుకున్నాను. కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "మీ పిల్లగాడికి కూడా చెప్పకుండా పెట్టినరా అక్కా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. రక్తం తక్కువ ఉందని, డాక్టర్ చెప్పిందని ఏదో అన్నాను. ఆమె వింది. కళ్లు నిండాయి ఆమెకు. చివరికి, "మా అత్తమ్మకు మాత్రం తెల్వనీయొద్దు. ఆమె తట్టుకోలేదు" అంది. మెట్లు దిగుతుంటే ఆ మాటే తిరిగింది. నేను నా కొడుకు దగ్గర దాచాను. ఇప్పుడు నా వల్ల ఆమె తన అత్త దగ్గర దాచాలి. ఒక అబద్ధం ఇంకో ఇంట్లోకి కాపురానికి పోయింది.

ఆ సాయంత్రం చిన్నోణ్ణి డాబా మీదికి తీసుకుపోయి చెప్పాను. దోస్తు సంగతి కూడా చెప్పాను.

వాడు మొదట అడిగింది, "బుడ్డోడా?"

"కాదు నాన్నా."

"ఇంకో పొట్టేలా?"

"అవును."

చాలాసేపు ఊరుకున్నాడు. ఆరేసిన బట్టల క్లిప్పులు ఒక్కొక్కటే తీసి పెట్టాడు. "నాతోని ఎందుకు చెప్పలే?"

"చెప్తే తినవని."

"తిననని తెలిసి పెట్టినవా?"

తొమ్మిదేళ్ల పిల్లాడు. తెలుగులో డిగ్రీ చదివాను నేను, ఎన్ని మాటలు తెలుసు నాకు. ఆ ఒక్క ప్రశ్నకు సరిపోయే మాట దొరకలేదు. "తప్పు చేసిన నాన్నా" అన్నాను. వాడు లేచి కిందికి పోయాడు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పకపోతే ఇది రాసి లాభం లేదు. వాడు నా చేతి ముద్ద తినడం మానేశాడు. పప్పు పెడితే గరిటెతో కెలికి చూసేవాడు. ఇడ్లీ కూడా విరిచి లోపల చూసేవాడు. "నాయనమ్మా, దీంట్ల ఏముంది?" అని నా ముందే అత్తమ్మను అడిగేవాడు. ఆమె చెప్తేనే నోట్లో పెట్టేవాడు. పెరుగన్నం మాత్రం అడగకుండా తినేవాడు, అందులో అన్నీ కనబడతాయి కాబట్టి. నెల రోజుల్లో నాలుగు ముక్కల ఖీమాతో నేను సంపాదించిన బలమంతా ఒక్క వారంలో పోగొట్టాను. ఒంటికి పెట్టిన తిండి సంగతి పక్కన పెట్టండి, వంటింటి మీద నమ్మకమే పోయింది.

ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం వచ్చింది. నాకు పిలుపు రాలేదు. సాయంత్రం వాళ్ల వీధిలోంచి ఆడవాళ్లు వాయనాలు పట్టుకుని పోతుంటే బాల్కనీలోంచి చూసి లోపలికి వచ్చాను. ఆమెను తప్పుబట్టలేదు. పిల్లలిద్దరూ బడిలో మాట్లాడుకుంటూనే ఉన్నారు, కానీ బాక్సులు మార్చుకోవద్దని ఆమె చెప్పిందట. సరైన మాటే.

అత్తమ్మ ఒకరోజు నాతో అంది, "వాణ్ణి పొయ్యి కాడికి పిలువు. కంటితో చూస్తే తింటడు." చదువు లేని మనిషి, ఇంత సూటి మాట. ఆ ఆదివారం నుంచి వాణ్ణి స్టూలు మీద నిలబెట్టాను. పప్పు వాడే కడిగాడు. మునగాకు వాడే దూశాడు. శనగపప్పు, మునగాకు, పల్లీలు, పుట్నాల పొడి, నిమ్మకాయ రసం. ఏది వేసినా వాడికి చూపించి వేశాను. ముద్ద వాడే అదిమాడు, బొక్కలు వాడే పెట్టాడు, వాడి వేళ్లు చిన్నవి కాబట్టి బొక్కలు కూడా చిన్నగా వచ్చాయి. దించాక అంచు ముక్క తిన్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు.

సిరప్ ఒక్కరోజు తప్పకుండా పోశాను, ముందు నిమ్మరసం ఇచ్చి. రాగి జావ, నువ్వులుండలు, గోంగూర పప్పు. సెప్టెంబర్‌లో రక్తం 10.6 అయింది. డాక్టరమ్మ "మాంసం తింటున్నడా?" అంటే "లేదండి" అని నిజమే చెప్పాను. "అయితే సిరప్ ఇంకొన్నాళ్లు నడవనీయండి, పెరుగుతుంది" అంది. అంతే. ఆమె అంత తేలిగ్గా అన్న మాట జూన్‌లోనే అడిగి ఉంటే సరిపోయేది కదా. మాంసం కాకపోతే ఏం చేయాలి అని నేను అడగనే లేదు.

దసరా వచ్చింది. మొన్నటి దసరా అక్టోబర్ 2, గాంధీ జయంతి నాడే పడింది. ఆరోజు మాంసం దుకాణాలు బంద్. తెలంగాణలో దసరాకు మటన్ లేకపోవడమా! బుధవారమే జనమంతా దుకాణాల ముందు లైను కట్టారు. మా ఆయన రెండు గంటలు నిలబడి తెచ్చారు. పండగ నాడు రెండు తపాలాలు పెట్టాను, ఒకటి ఖీమాది, ఒకటి పప్పుది. చిన్నోడు చూస్తూ ఉన్నాడు.

"రెండూ ఒక్క తీరే ఉంటయి కదా, ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

"నువ్వే చెప్పు."

వాడు ఆలోచించి, నువ్వుల డబ్బా తీసి ఖీమా చెక్క మీద చల్లాడు. "నువ్వులుంటే మాంసం. లేకుంటే పప్పు. ఎప్పటికీ గిదే రూల్." సరే అన్నాను. ఇంట్లో అందరం ఒప్పుకున్నాం.

కోసి పెట్టాక, నువ్వుల ముక్కలో నుంచి గోరంత తుంచి నోట్లో వేసుకున్నాడు. మేమెవ్వరం కదల్లేదు. మా అత్తమ్మ అయితే ఊపిరి కూడా తీసుకోలేదనుకుంటా. "ఇయ్యాలకు చాలు" అని పప్పుది తీసుకుని పోయాడు. అప్పటి నుంచి కొన్ని ఆదివారాలు అర్ధ ముక్క తింటాడు, కొన్ని ఆదివారాలు అసలే తినడు. నేను లెక్క పెట్టడం మానేశాను. డిసెంబర్‌లో హిమోగ్లోబిన్ 11.7. మళ్లీ మెట్లు పరుగెత్తుతూ ఎక్కుతున్నాడు. నల్లి బొక్క చప్పుడు ఇంకా రాలేదు. రాకపోయినా పర్వాలేదు.

దసరా సాయంత్రం జమ్మి ఇచ్చుకోవడానికి ఇంటికి జనం వస్తూ పోతూ ఉన్నారు. ఏడు దాటాక గేటు చప్పుడైంది. చూస్తే ఆమె, పక్కన కొడుకు. కొత్త చీర కట్టుకుంది. నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, "బంగారం తీసుకోండి అక్కా" అంది. నాకు గొంతు పట్టేసింది. నేనూ ఆమె చేతిలో పెట్టి దండం పెట్టుకున్నాను. ఇంకేం మాట్లాడుకోలేదు.

ఇంతలో చిన్నోడు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, గట్టిగా, అందరికీ వినబడేలా దోస్తుతో చెప్పాడు. "మా ఇంట్ల రెండున్నయి. నువ్వులున్నది నువ్వు తినొద్దు, దాంట్ల మాంసం ఉంటది. పప్పుది కూడా అదే వంటింట్ల చేసినం. మీ మమ్మీని అడుగు, ఆమె సరే అంటేనే ఇస్త."

ఆమె నవ్వింది. "ఇక్కడ వద్దు నాన్నా. ఎట్ల చేస్తరో చెప్పు, ఇంట్ల నేను చేసి పెడత" అంది.

వాడు చేతులు వెనక్కి పెట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. శనగపప్పు ఒక కప్పు, గంట నానాలె. మునగాకు రెండు గుప్పిళ్లు. పల్లీలు వేయించి కచ్చాపచ్చాగ దంచాలె. పుట్నాల పొడి రెండు చెంచాలు, జీలకర్ర, పసుపు, ఉప్పు, కారం చిన్న చెంచా, నిమ్మకాయ సగం. అన్నీ వేళ్లమీద లెక్కపెట్టి, ఏదైనా మరిచిపోయాడేమోనని ఒకసారి నావైపు చూసి, మళ్లీ ఆమెవైపు తిరిగాడు.

"గంతే ఆంటీ. ఇంకేం లేవు. నేనే కలిపిన."